నాలుగు చుట్ల పందెం: ఔత్సాహికులకు స్వల్పదూరపు పరుగుల విలువ

పరుగును గురించి మన విద్యార్థులు మాట్లాడుకునేటప్పుడు తరచుగా వినిపించే ప్రశ్న "ఎంత దూరం?" అన్నదే. "ఎంత సేపట్లో?" అని అడిగేవారు తక్కువ. "మళ్లీ ఎప్పుడు?" అని అడిగేవారు మరీ అరుదు. ఆగస్టు మాసాంతంలో హుస్సేన్ సాగర్ ఒడ్డున పీపుల్స్ ప్లాజా వద్ద హైదరాబాదు మారథాన్ ఆరంభమై, నగరపు వంతెనలు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి క్రీడాంగణం దాకా సాగుతుంది. అదే ఉత్సవంలో పది కిలోమీటర్ల పందెం, అయిదు కిలోమీటర్ల పరుగు కూడా ఉంటాయి. కాని పది కిలోమీటర్లు ముగించి వచ్చిన యువకుడు "పదే లెండి" అంటూ సిగ్గుపడుతూ చెబుతాడు. పూర్తి దూరాన్ని సగం పరుగు, సగం నడకగా ఆరు గంటలలో ముగించి, తరువాత పదిహేను రోజులు మెట్లు దిగలేకపోయినవానికి మాత్రం వీధి యావత్తూ జేజేలు పలుకుతుంది. ఈ విలువకట్టడంలో లోపం ఉందని నా అభిప్రాయం. చదువో ఉద్యోగమో ప్రధానంగా ఉండి, మిగిలిన కొద్దిపాటి వేళను పరుగుకు వెచ్చించే ఔత్సాహికునికి 1,600 మీటర్ల నుండి 10 కిలోమీటర్ల వరకు గల దూరాలే అధిక ప్రయోజనకరమని ఈ వ్యాసంలో వివరించదలచాను.

స్వల్పదూరమన్న మాటను ఇక్కడ మారథానుతో పోల్చి వాడుతున్నాను. వంద, రెండువందల మీటర్ల వేగపు పందాలు వేరే శాస్త్రం. వాటి జోలికి పోవడం లేదు.

మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లలో ప్రకృతి నియమమేదీ లేదు. 1908లో లండన్ ఒలింపిక్ క్రీడల కోసం విండ్సర్ కోట నుండి క్రీడాంగణంలోని రాజాసనం ఎదుటి వరకు గీసిన మార్గం పొడవు అది. 1921లో అంతర్జాతీయ సమాఖ్య దానినే ప్రమాణంగా స్థిరపరచింది. రాజకుటుంబపు సౌకర్యం కోసం ఏర్పడిన అంకె ప్రపంచమంతటా మానవుని ఓరిమికి కొలబద్ద అయింది. మన వీధులలోని గుడ్డబ్యానర్లపై "5 కి.మీ. మారథాన్" అని కనిపించడం ఇంకొక వింత. పావలాను పావలా అనే అన్నాము గాని చిన్న రూపాయి అనలేదు కదా!

మన ఇరుగుపొరుగున ఇంతకంటె గంభీరమైన కొలబద్ద ఒకటి ఉన్నది. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో ఉదయం నుండి రాత్రి దాకా కుర్చీ వదలని యువతీయువకులను మనం నిత్యం చూస్తున్నాము. అశోక్ నగర్ గదులలో నలుగురైదుగురు చొప్పున సర్దుకొని పోటీపరీక్షలకు చదివేవారిలో పోలీసు ఉద్యోగార్థులు అనేకులు. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 ప్రకటనలో పురుషులకు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలకు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని నిర్ణయించింది. ప్రాథమిక రాతపరీక్ష గట్టెక్కినా ఈ పరుగు నెగ్గనివారికి తుది రాతపరీక్ష లేదు. కొన్ని సంవత్సరాల చదువు, తండ్రి పంపిన డబ్బు, హాస్టలు కిరాయి అన్నీ ఏడుంబావు నిమిషాల మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. ఈ దూరాన్ని చిన్నదని తీసిపారేయడం అశోక్ నగర్ వాసికి సాధ్యం కాదు.

లెక్క చూడండి. ప్రమాణమైన క్రీడామార్గం చుట్టుకొలత 400 మీటర్లు. 1,600 మీటర్లంటే నాలుగు చుట్లు. 7 నిమిషాల 15 సెకన్లు 435 సెకన్లు. చుట్టుకు 108 సెకన్ల ముప్పాతిక. ఒక మైలు 1,609 మీటర్లు కాబట్టి మన ఉద్యోగార్థి పరిగెత్తేది తొమ్మిది మీటర్లు తక్కువగా మైలు. క్రీడాచరిత్రలో మైలు పరుగుకు ఉన్న ఘనత మరే దూరానికీ తీసిపోదు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులోని ఇఫ్లీ రోడ్ మైదానంలో రోజర్ బానిస్టర్ మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో ముగించి, నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తిన ప్రథమ మానవుడయ్యాడు. అప్పటికి ఆయన వైద్యవిద్యార్థి. ఆసుపత్రిలో శిక్షణ పొందుతూ, మధ్యాహ్న భోజన విరామంలో దొరికిన కొద్దిసేపే సాధన చేసేవాడు. పావుమైలు చొప్పున పదిసార్లు పరిగెత్తడం, నడుమ రెండేసి నిమిషాల విరామం ఇవ్వడం ఆయన సాధనలో ప్రధానాంశం. ఆ పావుమైలు సమయాన్ని శీతకాలంలో 66 సెకన్ల వద్ద మొదలుపెట్టి, వసంతానికి 59 సెకన్లకు తెచ్చాడు. మారథాన్ సాధనకు వారానికి కావలసిన గంటలు ఏ వైద్యవిద్యార్థికీ ఉండవు. మైలుకు కావలసిన గంట మాత్రం దొరుకుతుంది. ఆయన తరువాతి జీవితంలో నాడీమండల వైద్యుడుగా పేరుపొందాడు. అంటే చదువూ చెడలేదు.

నాలుగు చుట్ల పరుగు ఓరిమి పరుగు ఎలా అవుతుందని కొందరు సందేహిస్తారు. దీనికి దేహధర్మ శాస్త్రం ఇచ్చే సమాధానం ఆసక్తికరం. కట్టెల పొయ్యి అంటించేటప్పుడు మొదట కాస్త కిరసనాయిలు చల్లుతాము, భగ్గుమంటుంది, అది ఆరిపోయేలోగా కట్టె రాజుకోవాలి. కండరం పని కూడా అటువంటిదే. తొలి కొన్ని సెకన్లలో కండరంలో సిద్ధంగా ఉన్న ఫాస్ఫేటు శక్తి ఖర్చవుతుంది. వెనువెంటనే, ప్రాణవాయువు సాయం లేకుండానే గ్లైకోజెన్ అనే నిలువ చక్కెర విచ్ఛిన్నమై శక్తినిస్తుంది. ఈలోగా గుండె, ఊపిరితిత్తులు వేగం పుంజుకుని ప్రాణవాయువును అందిస్తాయి. అప్పుడు కట్టె రాజుకున్నట్లు. పూర్తి శక్తితో చేసే శ్రమలో సుమారు 75 సెకన్ల వ్యవధికి ఈ రెండు విధాల శక్తి సరిసమానమవుతుందని పరిశోధకుల అంచనా. ఆపైన ప్రాణవాయువుదే పైచేయి. ప్రవీణులు నాలుగు నిమిషాలలోపు ముగించే 1,500 మీటర్లలోనే అయిదింట నాలుగు వంతుల శక్తి ప్రాణవాయువు ద్వారా లభిస్తుంది. ఏడు నిమిషాలు పరిగెత్తే మనవానికి ఆ పాలు ఇంకా ఎక్కువ. అయిదు కిలోమీటర్లకు నూటికి తొంభై దాటుతుంది. కాబట్టి ఈ పందాలన్నీ గుండె, ఊపిరితిత్తుల పందాలే.

ఇంకొక విశేషం. మనిషి నిమిషానికి గ్రహించి వినియోగించగల ప్రాణవాయువుకు ఒక గరిష్ఠ పరిమితి ఉన్నదని 1920ల నాటి ప్రయోగాలతో నిరూపించినవారిలో ప్రముఖుడు ఆర్చిబాల్డ్ హిల్. కండరాలపై పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త. ఆ గరిష్ఠస్థాయిని చేరే వేగంతో మామూలు మనిషి నిలువగలిగేది కొద్ది నిమిషాలు మాత్రమే, దాదాపు ఆరేడు నిమిషాలు. నియామక మండలివారు దీనిని ఆలోచించి పెట్టారో లేదో గాని, 7 నిమిషాల 15 సెకన్ల పరుగు సరిగ్గా ఈ సామర్థ్యానికే పరీక్ష. ఈ సామర్థ్యం పెరిగినవానికి మెట్లెక్కడం, బస్సు వెంట పరిగెత్తడం మొదలుకొని పది కిలోమీటర్ల వరకు అన్నీ తేలికవుతాయి. రోజుల తరబడి నెమ్మదిగా ఎంత దూరం పోయినా, పునాది బలపడుతుంది గాని, ఈ పైకప్పు తగినంత ఎత్తు పెరగదు. దానికి నడుమ నడుమ వేగం తగలాలి. స్వల్పదూరపు పందాలు ఆ వేగాన్ని బలవంతంగానైనా మనచేత అభ్యసింపజేస్తాయి.

పది కిలోమీటర్ల పందెం నేర్పేది మరొకటి. వేగం ఒక హద్దు దాటినప్పుడు రక్తంలో లాక్టేట్ పేరుకోవడం మొదలవుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. లాక్టేట్‌ను విషంగా భావించడం పాత పొరపాటు. అది కండరాలకూ గుండెకూ ఇంధనంగానే ఉపయోగపడుతుందని 1980ల నుండి జార్జ్ బ్రూక్స్ పరిశోధనలు వివరించాయి. ఆ హద్దును ముందుకు జరపడమే దూరపరుగు సాధన. గంటసేపు హద్దు అంచున నిలిచే పది కిలోమీటర్లు దీనికి మంచి గురువు.

ఇక సుదీర్ఘదూరం అడిగే మూల్యం చూడాలి. పరుగుకు కిలోమీటరుకు కిలో బరువుకు దాదాపు ఒక కెలొరీ ఖర్చు. 60 కిలోల మనిషికి మారథాన్‌లో 2,500 కెలొరీలు. కండరాలలో, కాలేయంలో నిలువ ఉండే గ్లైకోజెన్ మొత్తం సుమారు 400 నుండి 500 గ్రాములు. అంటే రెండువేల కెలొరీల లోపే. అందువల్లనే ముప్పయ్యో కిలోమీటరు దాటాక గోడకు గుద్దుకున్నట్లు కాళ్లు ఆగిపోతాయి. కొవ్వు కరిగి కొంత ఆదుకుంటుంది గాని ఆ వేగం రాదు. అయిదు కిలోమీటర్లకు 300, పదింటికి 600 కెలొరీలు చాలు. రాత్రి తిన్న అన్నం, పప్పుతోనే ఆ పందెం ముగుస్తుంది. వేరే పానీయాలు, పొట్లాలు కొనవలసిన పని లేదు. విద్యార్థి జేబుకు ఇది చిన్న విషయం కాదు.

అడుగుల సంఖ్య కూడా ఆలోచించదగినది. నిమిషానికి 170 అడుగుల చొప్పున నాలుగు గంటల మారథాన్‌లో నలభైవేల అడుగులు పడతాయి. ప్రతి అడుగులోనూ దేహభారానికి రెండు మూడు రెట్ల తాకిడి నేలనుండి మోకాళ్లకు వస్తుంది. 25 నిమిషాల అయిదు కిలోమీటర్లలో అవి 4,250 మాత్రమే. మారథాన్ పరిగెత్తిన ఔత్సాహికుడు తిరిగి కుదుటపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అయిదు కిలోమీటర్ల పందెగాడు మూడు నాలుగు రోజులలో మళ్లీ సిద్ధం. ఏడాదికి ఒకసారి పరీక్ష రాసేవాడు గొప్పగా నేర్చుకుంటాడా, నెలకొకసారి రాసేవాడా? పందెం కూడా విద్యే. మొదటి చుట్టులో ఆవేశం అణచుకోవడం, మూడవ చుట్టులో మనసు జారిపోకుండా పట్టుకోవడం పదేపదే పందెం వేస్తేనే అబ్బుతాయి.

నెమ్మదిగా సాగే సుదీర్ఘ పరుగే క్షేమమన్న నమ్మకం కూడా సంపూర్ణంగా నిజం కాదు. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షించగా, నూటికి 13 మందిలో సోడియం తగ్గినట్లు తేలిందని 2005లో వైద్యపత్రికలో ప్రచురించారు. నాలుగు గంటలకు పైగా పరుగుపై ఉండి, దాహం లేకున్నా నీళ్లు తాగుతూ, ఆరంభంలో కంటె ముగింపులో బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువ. అరగంటలో ముగిసే పందెంలో ఈ భయమే లేదు. అయితే తక్కువ దూరంలో వేగం ఎక్కువ కాబట్టి గుండెకు శ్రమ తీవ్రం. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, కుటుంబంలో చిన్న వయసులో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు వైద్యుని అడగకుండా గడియారంతో పందెం వేయరాదు. మన నగరపు ఏప్రిల్, మే నెలలలో ఉదయం ఏడు దాటాక ఎవరూ వేయరాదు.

గొప్ప మారథాన్ వీరులలో చాలామంది చిన్న దూరాల నుండి వచ్చినవారే. ఎమిల్ జటోపెక్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు, 5,000 మీటర్లు గెలిచి, అదే వారంలో జీవితంలో తొలిసారిగా మారథాన్ పరిగెత్తి అదీ గెలిచాడు. మన దేశపు శివనాథ్ సింగ్ 1974 టెహరాన్ ఆసియా క్రీడలలో 5,000 మీటర్ల స్వర్ణం సాధించి, 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో పదకొండవ స్థానం పొందాడు. 1978లో జలంధరులో ఆయన పరిగెత్తిన 2 గంటల 12 నిమిషాల సమయం దశాబ్దాల తరబడి జాతీయ రికార్డుగా నిలిచింది. ఎలియుడ్ కిప్చోగే 2003లో ప్రపంచ 5,000 మీటర్ల విజేత. మారథాన్‌లో అడుగు పెట్టింది 2013లో. అపవాదం లేకపోలేదు. 2023లో చికాగోలో 2 గంటల 35 సెకన్లలో పరిగెత్తిన కీర్తిశేషుడు కెల్విన్ కిప్టుమ్ క్రీడామార్గపు పందాల ద్వారా రాలేదు, రోడ్డు పందాలనుండే వచ్చాడు. కాని అటువంటివారు నూటికో కోటికో ఒకరు.

మన విద్యార్థినులకు ప్రత్యేకంగా ఒక చరిత్ర చెప్పాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు తొలిసారి 800 మీటర్ల పందెం పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. పరుగు చివర కొందరు అలసి నేలపై కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. పురుషులు అలసి పడిపోతే అది వీరత్వం. స్త్రీలు పడిపోతే అనర్హత! ఆ పందాన్ని తీసివేశారు. 1960 రోమ్ క్రీడల దాకా అది తిరిగి రాలేదు. 1,500 మీటర్లు 1972లో, మారథాన్ 1984లో వచ్చాయి. ముప్పయి రెండేళ్లు మూసి ఉన్న ఆ రెండు చుట్లే నేడు అశోక్ నగర్ అమ్మాయికి ఉద్యోగద్వారం. 5 నిమిషాల 20 సెకన్లంటే చుట్టుకు 160 సెకన్లు. ఆరోగ్యవతి అయిన విద్యార్థిని రెండు మూడు నెలల క్రమశిక్షణతో దీనిని సునాయాసంగా దాటగలదు. తోడుగా నలుగురు ఉంటే ఉదయం పార్కుకు పంపడానికి ఇంటివారూ వెనుదీయరు. ఇరవై నిమిషాల సాధన కాబట్టి మొదటి పీరియడుకు ముందే తిరిగి రావచ్చు.

సాధనలో తరచుగా కనిపించే పొరపాటు ఒకటుంది. ఉద్యోగార్థులు ప్రతి ఉదయం మైదానానికి పోయి, పూర్తి 1,600 మీటర్లను శక్తికొద్దీ పరిగెత్తి, గడియారం చూసి, నిరాశపడి తిరిగి వస్తారు. ఇది రోజూ ఉదయం వార్షిక పరీక్ష రాసి, పుస్తకం మాత్రం తెరవకపోవడం వంటిది. ఎనిమిది నిమిషాలు పడుతున్నవానికి చుట్టుకు 120 సెకన్లు. అతడు వారానికి ఒకరోజు ఒక్కొక్క చుట్టును 115 సెకన్లలో, నడుమ రెండు నిమిషాలు నడుస్తూ, ఆరుసార్లు పరిగెత్తాలి. రెండు వారాలకొకసారి ఒకటి రెండు సెకన్లు తగ్గించాలి. ఇంకొక రోజు పావుగంట నుండి ఇరవై నిమిషాల వరకు, రెండు మూడు మాటలు మాత్రమే పలకగలిగే వేగంతో ఆగకుండా పోవాలి. మరి రెండు రోజులు అరగంటకు పైగా, హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తాలి. మిగిలిన మూడు రోజులు విశ్రాంతి. అదీ సాధనలో భాగమే. ఇందిరా పార్కు చెట్లనీడన మెత్తని బాటలు నెమ్మది పరుగుకు అనువైనవి. వేగపు చుట్లకు చదునైన, కొలిచిన నేల కావాలి. నారాయణగూడ, చిక్కడపల్లి మెట్రో స్తంభాల కింది రోడ్డు రెండింటికీ పనికిరాదు. ఉదయం అయిదున్నరకే పాలవ్యానులు, సిటీ బస్సులు మొదలవుతాయి.

1981లో పీటర్ రీగెల్ అనే ఇంజనీరు ఒక చిన్న సూత్రం ప్రచురించాడు. దూరం రెట్టింపైతే సమయం రెండు రెట్లు కాక దాదాపు 2.085 రెట్లవుతుందని దాని సారాంశం. ఈ లెక్కన 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తేవాడు అయిదు కిలోమీటర్లను 24 నిమిషాల 15 సెకన్ల ప్రాంతంలో ముగించగలడు. 25 నిమిషాల అయిదు కిలోమీటర్లవాడికి పది కిలోమీటర్లు 52 నిమిషాలు, మారథాన్ నాలుగు గంటలు. ఈ చివరి అంకె మాత్రం నెలల తరబడి సుదీర్ఘ సాధన చేసినవానికే వర్తిస్తుంది. మారథాన్ కోరిక ఉన్నవానిని నేను ఆపను. ముందుగా రెండు మూడేళ్లు ఈ చిన్న లెక్కలు సరిచేసుకోమంటాను.

కళాశాల కార్యవర్గానికి ఒక మనవి. ఏడాదికొకసారి క్రీడాదినోత్సవం నాడు ఎండెక్కిన తరువాత ఒక దూరపు పరుగు పెట్టి, ముగ్గురికి కప్పులిచ్చి ముగించే పద్ధతికి బదులు, నెలకొకసారి కొలిచిన పరుగు పెట్టవచ్చు. 2004 అక్టోబరులో లండన్ బుషీ పార్కులో 13 మంది పరుగుగాళ్లతో ఆరంభమైన ఉచిత అయిదు కిలోమీటర్ల శనివారపు పరుగు నేడు అనేక దేశాలలో వారంవారం జరుగుతున్నది. దాని విజయానికి కారణం బహుమతి లేకపోవడం, ప్రతివారి సమయమూ రాసి ఉంచడం. బెంగుళూరులో 2008 నుండి సాగుతున్న ప్రపంచస్థాయి పందెం కూడా పది కిలోమీటర్లదే. మన నగరంలోనూ 2003లో పది కిలోమీటర్ల పరుగు ఆరంభమైంది. దూరం చిన్నదైతే జనం రారన్న భయం అనవసరం.

ఖర్చు స్వల్పం. ఒక నెల 1,600 మీటర్లు, స్త్రీలకు కావాలంటే 800. మరుసటి నెల అయిదు కిలోమీటర్లు. దూరాన్ని ఫోనులతో కొలవరాదు. చెట్ల కింద, ఎత్తైన భవనాల నడుమ అవి తప్పు చూపుతాయి. 50 మీటర్ల టేపుతో 32 సార్లు కొలిస్తే 1,600 మీటర్లు వస్తుంది. లేదా సైకిలు ముందు చక్రంపై సున్నపు గీత గీసి, ఒక చుట్టుకు ఎంత దూరం సాగుతుందో టేపుతో చూసుకుని, తొక్కకుండా నడిపించుకుంటూ లెక్కపెట్టాలి. టైరులో గాలి కొలిచే రోజున నిండుగా ఉండాలి. గణితశాఖ విద్యార్థులు ఇద్దరు ఈ పని ఒక ఉదయంలో చేయగలరు. సమయం రాసే పుస్తకంలో ప్రతి పేరు పక్కన గత నెల అంకె కూడా ఉండాలి. పోటీ ఆ అంకెతోనే. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నాలుగు పరుగులతో ప్రారంభించవచ్చు. ఉదయం ఆరున్నరకు ఆరంభిస్తే, ఆఖరివారు ముగించి చాయ్ తాగి వచ్చినా తొమ్మిదింటి తరగతికి అందుకోగలరు.